పాత కారు కొనే ముందు: సర్వీసు చరిత్ర పరిశీలన, పేరు మార్పిడికి దరఖాస్తు విధానం

నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పాత కారు కొనేవారిలో చాలామంది ముందు బయానా ఇచ్చి, ఆ తరువాత కాగితాలు అడుగుతారు. ఈ వరుస మారాలి. రవాణా శాఖలో పెట్టే పేరు మార్పిడి దరఖాస్తు ఆ బండి ఇకపై ఎవరిదన్నది మాత్రమే తేలుస్తుంది. అది ఎంత తిరిగింది, ఎక్కడ గుద్దుకుంది, ఇంజన్ ఆయిల్ వేళకు మార్చారా అన్న సంగతులు ఆ దరఖాస్తులో ఎక్కడా ఉండవు. పైగా సొంత వాడకానికి తీసుకున్న కారుకు రిజిస్ట్రేషన్ అయిన రోజు నుంచి 15 ఏళ్ల దాకా మళ్లీ ఫిట్‌నెస్ పరీక్ష ఉండదు కాబట్టి, ఆ కాలపు చరిత్రను కొనేవారే కూర్చుకోవాలి.

మొదట అసలు ఆర్‌సీ చేతికి తీసుకోండి. ఎం పరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి, రిజిస్ట్రేషన్ తేదీ, ఇంధనం, ఫైనాన్స్, ఇన్సూరెన్స్ గడువు, కాలుష్య ధ్రువపత్రం గడువు ఆర్‌సీతోనూ, అమ్మేవారి మాటతోనూ కలుస్తున్నాయో లేదో చూడండి. నంబరు టీఎస్ 05 అయితే నల్గొండలో, టీఎస్ 06 అయితే మహబూబ్‌నగర్‌లో రిజిస్టర్ అయిన బండి. 2024 మార్చి తరువాతి కొత్త బండ్లకు టీఎస్ స్థానంలో టీజీ వస్తుంది. ఆ కారు ఇదివరకు కిరాయికి తిరిగి తరువాత తెల్ల బోర్డుకు మారిందా అన్నది కూడా అడగాలి. కిరాయి బండికి కొత్తగా ఉన్నప్పుడు రెండేళ్లకు, తరువాత ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్ చేయించాలి గనుక, అమ్మేవారు ఆ పత్రాలు దాచి ఉంచితే అవి మీకు చాలా పనికొస్తాయి.

అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టవలసింది సర్వీసు చరిత్ర మీద. కంపెనీ అధీకృత వర్క్‌షాపులో ప్రతి సర్వీసుకూ తేదీ, ఆ రోజు మీటరు చూపిన కిలోమీటర్లు, మార్చిన సామాను, చేసిన పని బండి పేరు మీద నమోదై ఉంటాయి. ఇతరులకు ఆ వివరాలు ఇవ్వరు కాబట్టి, అమ్మేవారిని వెంట తీసుకుని వర్క్‌షాపుకు వెళ్లి, ఆయన చేతనే అడిగించి ప్రింటు తీసుకోండి. కిలోమీటర్ల వరుసను కింది నుంచి పైకి చదవండి: పాత తేదీన ఎక్కువ, కొత్త తేదీన తక్కువ కనిపిస్తే మీటరు వెనక్కి తిప్పారనే అనుమానించాలి. ఏడాదికి పైగా ఖాళీ ఉంటే ఆ కాలంలో బండి బయటి మెకానిక్ దగ్గరికి పోయిందా, మూలన పడి ఉందా అని అడిగి, ఆ బిల్లులూ చూడాలి. బయటి మెకానిక్ బిల్లులున్నంత మాత్రాన తప్పు లేదు, మన దగ్గర సగం బండ్లు అక్కడే బాగవుతాయి. అసలు ఏ బిల్లూ లేకపోవడమే ఆలోచించవలసిన విషయం. డెంటింగ్, పెయింటింగ్ పని, ఇన్సూరెన్స్ క్లెయిం కనిపిస్తే ఏ భాగం ఎందుకు మార్చారో అడగండి.

మా బామ్మర్ది కోసం దేవరకొండ వైపు ఒక డీజిల్ కారు చూడటానికి పోయినప్పుడు మీటరు 52 వేలు చూపింది, కారు కడిగి మెరిపించారు. డ్రైవరు డోరు తెరిస్తే, అంచున ఆయిల్ మార్పు స్టిక్కరు మీద బాల్ పెన్నుతో రాసిన అంకె సగం చెరిగినా కనిపించింది: తరువాతి సర్వీసు 98,000. యాక్సిలరేటరు రబ్బరు మీది గీతలు అరిగి నున్నగా అయ్యాయి. బయానా ఇవ్వలేదు గనుక ఏ గొడవా లేకుండా తిరిగి వచ్చాం.

అందుకే కాగితంతోపాటు ఇనుమునూ చదవాలి. టైరు అంచున ఉండే నాలుగంకెల్లో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. 30 వేలే తిరిగిందన్న బండికి నాలుగు టైర్లూ మారి ఉంటే కారణం అడగండి. బండి చట్రం మీద చెక్కి ఉండే ఛాసిస్ నంబరు మీద తెల్ల కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, పడిన 17 అక్షరాల అచ్చును ఆర్‌సీతో ఒక్కొక్కటిగా పోల్చండి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరు మొదట్లో కోదాడ ప్రాంతంలో వరద నీళ్లలో మునిగిన బండ్లున్నాయి గనుక, సీటు బెల్టును చివరిదాకా లాగి లోపలి భాగాన బురద మరకలున్నాయేమో, సీటు కింది పట్టాలు తుప్పు పట్టాయేమో చూడటం మరవవద్దు.

దొంగ బండి కాదని తేల్చుకోవడానికి జాతీయ నేర నమోదు సంస్థ ఆన్‌లైన్ సేవలో రిజిస్ట్రేషన్, ఛాసిస్, ఇంజన్ నంబర్లు ఇస్తే ధ్రువపత్రం వస్తుంది. తెలంగాణ పోలీసు ఈ-చలాన్ పేజీలో కట్టని జరిమానాలు చూసి, అమ్మేవారి చేతనే కట్టించండి.

ఇవన్నీ సరిపోయాకే దరఖాస్తు. అమ్మేవారు సంతకం చేసిన ఫారం 29 (బండి అమ్మినట్టు తెలిపే నోటీసు) రెండు ప్రతులు, ఇద్దరూ సంతకం చేసిన ఫారం 30 (పేరు మార్పిడి దరఖాస్తు), అసలు ఆర్‌సీ, చెల్లుబాటులో ఉన్న ఇన్సూరెన్స్, కాలుష్య ధ్రువపత్రం, కొనేవారి చిరునామా రుజువు, పాన్, ఫోటోలు సిద్ధం చేసుకుని, రవాణా శాఖ వెబ్‌సైట్‌లో ఫీజు కట్టి స్లాటు తీసుకోవాలి. దరఖాస్తు కొనేవారు నివసించే ప్రాంతపు ఆర్టీఏ కార్యాలయానికి చేరుతుంది. ఫైనాన్స్ ఉంటే, అప్పు తీరిందని ఫైనాన్స్ సంస్థ ఇచ్చే ఫారం 35, ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కూడా జతచేయాలి. అప్పు తీరింది అన్న నోటిమాట చాలదు. రాయచూరు వైపు నుంచి కేఏ 36 బండి గానీ, కృష్ణ అవతలి నుంచి ఏపీ బండి గానీ కొంటే, అక్కడి కార్యాలయం నుంచి ఫారం 28 ద్వారా ఎన్‌ఓసీ తీసుకోవాలి, ఇక్కడ లైఫ్ టాక్స్ కట్టాలి. ఆ ఖర్చు ధరలో ముందే లెక్కపెట్టుకోండి. కార్ల కన్సల్టెన్సీ ద్వారా కొంటే, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన నిబంధనల ప్రకారం వారికి రవాణా శాఖ ఇచ్చిన అధీకృత పత్రం ఉందా అని అడగడం మీ హక్కు.

రాష్ట్రంలోపలి అమ్మకాన్ని రవాణా శాఖకు తెలియజేయడానికి గడువు అమ్మేవారికి 14 రోజులు, కొనేవారికి 30 రోజులు. అమ్మేవారు తాత్సారం చేస్తే, పేరు మారనంత కాలం ప్రమాద పరిహార బాధ్యత రికార్డులో ఉన్న యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పును గుర్తుచేయండి. సంతకానికి వారే తొందరపడతారు. ఇన్సూరెన్స్ పాలసీని మీ పేరుకు మార్చమని బీమా సంస్థకు 14 రోజుల్లో రాయాలి, అయితే పాత యజమానికి ఉన్న నో క్లెయిం బోనస్ (క్లెయిం చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు. కొత్త ఆర్‌సీ ఇంటికి రాగానే పేరు, చిరునామా, ఛాసిస్ నంబరు సరిచూసి, ఫైనాన్స్ ఉన్న చోట ఆ పేరు తొలగిందో లేదో చూసుకోండి. తప్పుంటే వెంటనే అదే కార్యాలయంలో సవరణకు దరఖాస్తు చేయవచ్చు.