చేతులకు వైబ్రేషన్ దెబ్బ తగలకుండా – 3వ పాఠం: మీ మిషన్‌కి గంటకు ఎన్ని పాయింట్లు?

పోయిన పాఠంలో తిమ్మిర్ల గురించి, చలి పొద్దున బండి మీద వెళ్తుంటే వేళ్ల చివర్లు సున్నం రాసినట్టు తెల్లబడటం గురించి చూశాం. ఈసారి లెక్క. టెన్షన్ పడకండి, ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే చాలు.

గ్రైండర్ డబ్బాలో ఒక పుస్తకం వస్తుంది, అందరం పారేసేది. దొరక్కపోతే మోడల్ నంబర్ కొట్టి కంపెనీ సైట్‌లో వెతకండి. అందులో వైబ్రేషన్ అని ఉన్నచోట మీటర్ పర్ సెకండ్ స్క్వేర్‌లో ఒక అంకె, పక్కనే 'కె' అని ఇంకో చిన్న అంకె ఉంటాయి. కె అంటే కొలతలో ఇంత తేడా ఉండొచ్చని కంపెనీయే ఒప్పుకోవడం. రెండూ కలపండి. 5.5కి కె 1.5 కలిపితే 7, మన లెక్కకి ఇదే తీసుకుందాం.

బ్రిటన్‌లో దీనికి 2005లోనే నిబంధనలు తెచ్చారు. అక్కడ వాడే పాయింట్ల పద్ధతి చాలా తేలిక: అంకెను దానితోనే హెచ్చవేసి, రెట్టింపు చేస్తే గంటకు వచ్చే పాయింట్లు. 7ని 7తో హెచ్చవేస్తే 49, రెట్టింపు 98. రోజుకి 100 పాయింట్లకి చేరితే యజమాని తగ్గించే ఏర్పాటు చేయాలి, 400 అసలు దాటకూడదు. 100 లోపు ఉంటే ఏమీ కాదని కాదు, కొందరికి అంతకన్నా తక్కువలోనే మొదలవుతుంది.

ఇప్పుడు స్లాబు పగలగొట్టే బ్రేకర్ తీసుకోండి, దాని అంకె 14 అనుకుందాం. గ్రైండర్‌కి రెట్టింపే కదా అనిపిస్తుంది, కానీ పాయింట్లు 392, అంటే నాలుగు రెట్లు! పావుగంటలో దాదాపు 100, గంటకి 400 అంచుకి వచ్చేస్తాం. అందుకే బ్రేకర్ పనిని ఒక్కడి నెత్తిన వేయకుండా ఇద్దరు ముగ్గురు మార్చుకోవాలి.

గంటలు లెక్కేసేటప్పుడు మిషన్ ఆన్‌లో ఉండి చేతిలో ఉన్న టైమే వేయండి, డ్యూటీ మొత్తం కాదు. నేను రోజుకి ఐదు గంటలు గ్రైండింగ్ చేస్తున్నాననే అనుకునేవాణ్ణి, స్టాప్‌వాచ్ పెడితే గంటన్నర తేలింది. అయినా 147 పాయింట్లు.

ఇంకో తిరకాసుంది. పుస్తకంలో అంకె బాగున్న మిషన్‌ది, మన షాపులో మిషన్ సంగతి వేరు. ఒకసారి నా గ్రైండర్ విపరీతంగా అదిరితే బేరింగ్ పోయిందనుకుని రిపేరుకి ఇవ్వబోయాను, తీరా ప్లగ్ పీకి, వీల్ విప్పి చూస్తే ఫ్లాంజ్ (వీల్‌ని పట్టి ఉంచే బిళ్ల) కింద బియ్యపు గింజంత ఇనప ముక్క అతుక్కుని ఉంది, దాంతో వీల్ వంకరగా కూర్చుంది. గీకి తుడిచి బిగిస్తే అదురు తగ్గిపోయింది. వీల్ మార్చిన ప్రతిసారీ అక్కడ గుడ్డతో తుడవండి. మూలల్లో పట్టట్లేదని సైడ్ హ్యాండిల్ పీకేసి మూలన పడేసినవాళ్లు కూడా దాన్ని వెతికి బిగించండి.

హోంవర్క్: మూడు రోజులు ఏ మిషన్ ఎంతసేపు పట్టుకున్నారో గోడ మీద చాక్‌పీస్‌తోనైనా సరే రాయండి. రెండు మిషన్లు వాడితే రెండిటి పాయింట్లూ కూడాలి.

4వ పాఠం గ్లవ్స్ మీద. యాంటీ వైబ్రేషన్ అని రాసినవి కొందామనుకుంటున్నవాళ్లు అప్పటిదాకా డబ్బులు జేబులోనే ఉంచుకోండి.