ఆక్సిజన్ ప్లాస్మా – 3వ పాఠం: పులిహోర చేతి పరీక్ష

ఆక్సిజన్ ప్లాస్మా అంటే విద్యుత్తుతో వెలిగే పలచని ఆక్సిజన్ వాయువు; దాంతో గాజు పలక మీది జిడ్డు పోగొట్టడం ఈ పాఠం. పోయిన పాఠంలో పంపు, పీడనం చూశాం. పంపులో మామూలు ఖనిజ నూనె ఉంటే ఈ పాఠం జోలికి రాకండి; శుద్ధ ఆక్సిజన్ తగిలితే అది పేలవచ్చు. ఆక్సిజన్‌కు మండని ఫ్లోరినేటెడ్ నూనె పోశాకే మొదలుపెట్టండి.

ఛాంబరులో పీడనాన్ని 0.5 మిల్లీబారు దగ్గర నిలిపి, ఆక్సిజన్ వదులుతూ, 13.56 మెగాహెర్ట్జ్ విద్యుత్తు ఇస్తాం. ఎలక్ట్రాన్లు ఢీకొని ఆక్సిజన్ అణువులు చీలిపోతాయి. అలా విడిపడిన పరమాణువులు జిడ్డులోని కర్బనాన్ని, హైడ్రోజన్‌ను పట్టుకుని కార్బన్ ఆక్సైడులుగా, నీటి ఆవిరిగా మార్చేస్తాయి. మిగతా పని పంపుది. వెలుగు తెల్లగా, లేతగా ఉండాలి. గులాబీ, ఊదా రంగుకు తిరిగితే నైట్రోజన్ ఉన్నట్టే. ఎక్కడో గాలి చొరబడుతోంది, రబ్బరు రింగు చూసుకోండి.

ఇక పరీక్ష. మధ్యాహ్నం పులిహోర తిన్న బొటనవేలిని, కడుక్కోకుండా, గాజు పలకపై ఒత్తండి. మెతుకు, పోపు గింజ అంటుకుంటే తీసేయండి, వాటిని కాల్చడం ప్లాస్మా తరం కాదు. పలకను లోపల పెట్టి అయిదేసి నిమిషాలకు ఒకసారి తీసి, దీపం కింద వాల్చి చూడండి. ముందు పసుపు వెలుస్తుంది. తరువాత నూనె జిడ్డు మెరుపు పోతుంది. ఆ పైన ఎంతసేపు నడిపినా, వేలి గీతల వెంట సన్నని తెల్లని పొడి మాత్రం అలాగే ఉంటుంది. అది ఉప్పు. అందులో కర్బనం లేదు కాబట్టి ఆవిరయ్యే దారి లేదు.

మా తిరుపతి బోరు నీళ్లతో కడిగి ఆరబెట్టిన పలకలదీ ఇదే కథ. ఆ సున్నపు మచ్చలు పోవడం లేదని యంత్రాన్ని తిట్టుకుంటూ ఒకసారి ఒక పూటంతా పోగొట్టుకున్నాను. చివరి కడుగు స్వేదనజలంతోనే కానివ్వండి.

శుభ్రమైందో లేదో నీటిబొట్టు చెబుతుంది. జిడ్డు ఉంటే పూసలా నిలబడుతుంది, లేకుంటే పరుచుకుంటుంది. తీసిన వెంటనే చూడండి. గాలిలోని జిడ్డు కొద్ది గంటల్లోనే మళ్లీ పేరుకుంటుంది.

పాలిమర్‌ను, అంటే ప్లాస్టిక్ లాంటి పదార్థాన్ని, అరగదీసేదీ ఇదే రసాయన చర్య, కాకపోతే ఎక్కువసేపు. శ్రీహరికోట నుంచి దిగువ కక్ష్యకు వెళ్లే ఉపగ్రహాలపై ఉండే పాలిఇమైడ్ (వేడికి తట్టుకునే ప్లాస్టిక్) పొర అక్కడి ఆక్సిజన్ పరమాణువులకు ఇలాగే అరుగుతుంది. టెఫ్లాన్ అంత తేలికగా లొంగదు. సిలికోన్ రబ్బరు అరగకుండా పైన గాజులాంటి పొర కట్టుకుంటుంది. వెండిపూత ఉన్నవి లోపల పెట్టకండి, నల్లబడతాయి.

వచ్చే పాఠానికి పాలిఇమైడ్ ముక్క ఒకటి తూచి ఉంచండి. అది తేమ పీల్చుకుంటుంది. బాగా ఆరబెట్టాకే తూచాలి. జిగురు ఉన్న టేపు వద్దు, జిగురు వల్ల అరుగుదల లెక్క తప్పుతుంది.