కాలేజీ మెయిల్ ఐడీ కావాలంటే ఎవరిని అడగాలి, వచ్చాక ఎలా వాడాలి

ఎప్‌సెట్ కౌన్సెలింగ్ అయింది, సీటొచ్చింది, ఒరిజినల్స్ చూపించి రిపోర్ట్ చేశారు, ఫీజు కట్టారు. ఇక క్లాసులకెళ్లడమే మిగిలింది అనుకోకండి, కాలేజీ మెయిల్ ఐడీ తీసుకున్నారా? హైదరాబాద్ చుట్టుపక్కల ఘట్‌కేసర్ అయినా, బాచుపల్లి అయినా, ఇబ్రహీంపట్నం అయినా ఇప్పుడు చాలా ఇంజినీరింగ్ కాలేజీల్లో నోటీసులు, అసైన్‌మెంట్లు, గూగుల్ క్లాస్‌రూమ్, మిడ్ పరీక్షల టైమ్‌టేబుల్ ఆ ఐడీ మీదే నడుస్తున్నాయి. వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు ఫార్వర్డ్ చేస్తారులే అని కూర్చుంటే, ఆ ఎవరో ఒకరు మర్చిపోయిన రోజే అసైన్‌మెంట్‌కి ఆఖరి రోజు అవుతుంది.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. ఆ ఐడీ కాలేజీది, మీరు అక్కడ చదివినన్నాళ్లు వాడుకోవడానికి ఇస్తారు. ఈ ఒక్క మాట అర్థమైతే కింద చెప్పే రూల్స్ అన్నీ ఎందుకు పెట్టారో దానంతటదే తెలిసిపోతుంది. ఐడీ చివర ఏసీ డాట్ ఇన్ అనో, ఈడీయూ డాట్ ఇన్ అనో ఉంటుంది చూడండి, ఆ పేర్లు ఎవరుపడితే వాళ్లు కొనుక్కునేవి కావు. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎర్నెట్ ఇండియా వాటిని విద్యాసంస్థలకే ఇస్తుంది. గిట్‌హబ్ స్టూడెంట్ ప్యాక్ (విద్యార్థులకి ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్ టూల్స్) లాంటివి అడిగినప్పుడు మీరు నిజంగా విద్యార్థే అనడానికి ఆ ఐడీ పనికొచ్చేది అందుకే.

కొన్ని కాలేజీలు మీరు అడగకుండానే హాల్ టికెట్ నంబర్‌తో ఐడీ తయారుచేసి ఇచ్చేస్తాయి. జేఎన్‌టీయూహెచ్ అనుబంధ కాలేజీల్లో ఆ నంబర్ మామూలుగా చేరిన సంవత్సరం చివరి రెండంకెలతో మొదలవుతుంది, తర్వాత కాలేజీ కోడ్, ఆ తర్వాత రెగ్యులర్ వాళ్లకి 1ఏ, లేటరల్ ఎంట్రీ వాళ్లకి 5ఏ, తర్వాత బ్రాంచి కోడ్ (సీఎస్ఈకి 05, ఈసీఈకి 04), చివర మీ వరుస నంబర్. ఐడీలు ఫస్టియర్ లిస్టు పెట్టుకుని ఒకేసారి చేసేస్తారు కాబట్టి, డిప్లొమా చేసి ఈసెట్ రాసి నేరుగా రెండో సంవత్సరంలోకి వచ్చినవాళ్లు, కేటగిరీ-బి (మేనేజ్‌మెంట్ కోటా) సీట్లలో ఆలస్యంగా చేరినవాళ్లు తరచూ ఆ లిస్టులో ఉండరు. మీరు వాళ్లలో ఒకరైతే ఎవరైనా పిలుస్తారని చూడకండి, మీరే వెళ్లండి.

వెళ్లాల్సింది అకడమిక్ సెక్షన్‌కి, లేదంటే కంప్యూటర్ సెంటర్‌లో ఉండే సిస్టమ్ అడ్మిన్ దగ్గరికి. కాగితం ఫారం ఇవ్వొచ్చు, గూగుల్ ఫామ్ లింకు ఇవ్వొచ్చు. అడిగేవి పెద్దగా ఏమీ ఉండవు: పేరు, హాల్ టికెట్ నంబర్ (ఇంకా రాకపోతే అడ్మిషన్ నంబర్), బ్రాంచి, సెక్షన్, మీ సొంత ఫోన్ నంబర్, ఇప్పటికే ఉన్న మెయిల్ ఐడీ, ఐడీ కార్డు గానీ ఫీజు రసీదు గానీ జిరాక్స్. కొన్ని చోట్ల హెచ్‌ఓడీ సంతకం కావాలంటారు, అలాగైతే పొద్దున క్లాసులు మొదలవక ముందే వెళ్లడం నయం.

ఎక్కువమంది తడబడేది పేరు దగ్గర. పదో తరగతి మెమోలో ఎలా ఉందో అలాగే, అక్షరం తేడా లేకుండా రాయండి. మన పేర్లలో ఇంటిపేరు ఒకచోట ముందుంటుంది, ఒకచోట వెనకుంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటే మెమోలో పొడి అక్షరం మాత్రమే ఉంటుంది. మీరు ఫారంలో ఏది రాస్తే అదే మీ మెయిల్ పక్కన అందరికీ కనిపించే పేరు అవుతుంది. సర్టిఫికెట్ల మీద ఒక పేరు, మెయిల్‌లో ఇంకో పేరు ఉంటే ఫైనలియర్‌లో ప్లేస్‌మెంట్ల వేళ ప్రతి కంపెనీకీ వివరణ ఇచ్చుకోవాల్సి వస్తుంది. గూగుల్ ఫామ్ నింపేటప్పుడు ఇంకోటి చూసుకోండి: నాన్న ఫోన్లోనో అక్క ఫోన్లోనో నింపితే వాళ్ల జీమెయిల్ ఐడీ ఫారంలో నమోదైపోవచ్చు, అప్పుడు తాత్కాలిక పాస్‌వర్డ్ వాళ్లకి వెళ్తుంది, మీరేమో ఇంకా రాలేదని ఎదురుచూస్తుంటారు.

పాస్‌వర్డ్ వచ్చాక మొదటి లాగిన్ మీ ఫోన్లోనే చేయండి, జిరాక్స్ షాపులోనో నెట్ సెంటర్‌లోనో వద్దు. వెంటనే పాస్‌వర్డ్ మార్చి, టూ-స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ లాంటిది కూడా అడిగే ఏర్పాటు) పెట్టుకోండి. గూగుల్ బ్యాకప్ కోడ్లు 10 ఇస్తుంది, వాటిని కాగితం మీద రాసి దాచండి. హాస్టల్‌కి వచ్చాక ఆఫర్ ఉందని సిమ్ మార్చేవాళ్లు చాలామంది ఉంటారు, పాత నంబర్‌కి ఓటీపీ వెళ్తే ఆ కోడ్లే దిక్కు. పాస్‌వర్డ్ మర్చిపోతే మామూలు జీమెయిల్‌లాగా మీకు మీరే తెచ్చుకోలేకపోవచ్చు, అడ్మిన్‌నే రీసెట్ చేయమని అడగాలి. ఐడీ కార్డు పట్టుకుని మీరే వెళ్లండి. ఫ్రెండ్‌ని పంపితే ఇవ్వకపోవడమే సరైన పద్ధతి, దానికి కోపం తెచ్చుకోవద్దు.

ఇక వాడకం. సార్‌కో మేడమ్‌కో మెయిల్ పెట్టేటప్పుడు సబ్జెక్ట్ ఖాళీగా వదలొద్దు. బస్ పాస్ కోసమో ఈపాస్ స్కాలర్‌షిప్ కోసమో బోనఫైడ్ కావాలంటే, సబ్జెక్ట్‌లోనే బోనఫైడ్ కోసం అని, పక్కన హాల్ టికెట్ నంబర్, సంవత్సరం, సెక్షన్ రాయండి. లోపల మూడు వాక్యాలు చాలు, ఇంగ్లీష్ గొప్పగా ఉండాల్సిన పనేం లేదు, ఏం కావాలో ఎప్పటికి కావాలో ఉంటే చాలు. క్లాసు మొత్తానికి వచ్చిన మెయిల్‌కి రిప్లై ఆల్ కొట్టి థాంక్యూ సార్ అని పంపకండి, అరవై మంది ఫోన్లు మోగుతాయి. అటాచ్‌మెంట్ 25 ఎంబీ దాటితే జీమెయిల్ దాన్ని డ్రైవ్ లింకుగా మారుస్తుంది, కానీ చాలా కాలేజీల్లో ఆ లింకు కాలేజీ ఐడీలకే తెరుచుకునేలా సెట్టింగ్ ఉంటుంది. ఇంటర్న్‌షిప్‌కి రెజ్యూమె అలా పంపితే అవతల హెచ్‌ఆర్‌కి అది తెరుచుకోదు, మీకు ఆ సంగతి తెలియకపోవచ్చు కూడా. అలాంటి వాటికి చిన్న పీడీఎఫ్ పంపండి.

డ్రైవ్‌లో సినిమాలు పెట్టొద్దంటే చాలామంది మొహం మాడ్చుకుంటారు. గూగుల్ ఉచితంగా ఇచ్చే ఎడ్యుకేషన్ ఎడిషన్‌లో కాలేజీ మొత్తానికి కలిపి 100 టీబీ మాత్రమే వస్తుంది, 5,000 మంది ఉన్న చోట సమానంగా పంచితే తలా 20 జీబీ. ఒకరు నింపేస్తే ఇంకొకరి ప్రాజెక్ట్ రిపోర్ట్‌కి చోటుండదు.

బ్యాంకు ఖాతా, షాపింగ్ యాప్‌లు, ఇంటి విషయాలు ఈ ఐడీకి తగిలించొద్దు, దాన్ని ఆపే అధికారం కాలేజీ చేతిలో ఉంటుంది. మీ ఐడీ ఎవరికీ ఇవ్వొద్దు, ఇంకొకరిది తెరవొద్దు. మరొకరి పాస్‌వర్డ్‌ని మోసపూరితంగా వాడితే ఐటీ చట్టం 2000లోని 66సీ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. సీనియర్ ఐడీ నుంచే వచ్చినా సరే, ఇంటర్న్‌షిప్‌కి డబ్బు కట్టమనే మెయిల్ చూస్తే ముందు అడ్మిన్‌కి చూపించండి. డబ్బు పోయిందనిపిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

ఫైనలియర్ వాళ్లు నో డ్యూస్ ఫారం (కాలేజీకి బాకీలేమీ లేవనే కాగితం) మీద సంతకాలు చేయించుకోవడానికి తిరిగే ముందే లింక్డిన్, గిట్‌హబ్, జాబ్ పోర్టళ్లలో సొంత ఐడీ ఇచ్చేయండి. గూగుల్ ఖాతాలో కంటెంట్ ట్రాన్స్‌ఫర్ అనే ఆప్షన్‌ని కాలేజీ తెరిచి ఉంచితే మెయిళ్లు, డ్రైవ్ ఫైళ్లు మీ జీమెయిల్‌కి కాపీ అవుతాయి. దానికి టైమ్ పడుతుంది, ఆఖరి రోజుకి పెట్టుకోవద్దు. ఖాతా డిలీట్ చేశాక అడ్మిన్ తిరిగి తెప్పించగలిగేది 20 రోజుల్లోపే.