ఇంటి పరిమళ పాఠాలు – 3: రాత్రికి ఒక వాసన, వట్టివేళ్ల నూనె

మార్చి వచ్చిందంటే ఆఫీసుల్లో ఇయర్ ఎండింగ్, ఇళ్లలో పదో తరగతి, ఇంటర్ పరీక్షల హడావిడి. ఉగాది దగ్గర పడితే ఇల్లు దులుపుకునే పని అదనం. ఇలాంటి నెలలో "రోజూ ఒక గంట మీ కోసం ఉంచుకోండి" అంటే ఎవరికైనా విసుగే వస్తుంది. ఆ గంట ఎక్కడుంది? అందుకే ఈ పాఠంలో నేను అడిగేది రాత్రిపూట పావుగంట మాత్రమే. అదీ కొత్తగా పుట్టించుకోవాల్సింది కాదు. వంటిల్లు సర్దేసి, తలుపులు వేసుకుని, పడుకునేలోపు ఎలాగూ ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చునే పావుగంటే.

మొదటి పాఠంలో మీ ఇంట్లో ఉన్న వాసనలను కళ్లు మూసుకుని గుర్తుపట్టే అభ్యాసం చేశాం. రెండో పాఠంలో ఎసెన్షియల్ ఆయిల్, అంటే మొక్కల నుంచి తీసిన గాఢమైన సువాసన నూనె, సీసా కొనేటప్పుడు ఏం చూడాలో చెప్పుకున్నాం. లేబుల్ మీద మొక్క శాస్త్రీయ నామం ఉండాలి. "ఫ్రాగ్రెన్స్ ఆయిల్" అని రాసి ఉంటే అది దీపానికో, రూమ్ స్ప్రేకో పనికొస్తుంది, ఒంటికి వద్దు. చవగ్గా అమ్మే మల్లె నూనెను అస్సలు నమ్మకండి. కిలో మల్లె సారం తీయడానికి వందల కిలోల పూలు కావాలి. ఆ రెండు పాఠాలు చదవనివాళ్లు కూడా ఇక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు. ఈ పాఠానికి ఎసెన్షియల్ ఆయిల్ సీసాతో పని లేదు.

ఒకే వాసన ఎందుకు?

పాత బీరువా తెరవగానే కలరా ఉండల వాసన వస్తుంది. ఆ క్షణంలోనే అమ్మమ్మ పట్టుచీరలు, ఆ గది, ఆ వేసవి సెలవులు అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకొస్తాయి. మనం ప్రయత్నించి గుర్తు తెచ్చుకున్నది కాదు అది. ముక్కు నుంచి వెళ్లే నరాలు మెదడులో భావోద్వేగాలు, జ్ఞాపకాలు నడిపే భాగాలకు చాలా దగ్గరి దారిలో చేరతాయి. చూపు, వినికిడి అంత దగ్గరి దారిలో వెళ్లవు. అందుకే ఒక వాసన ఒక స్థితికి ముడిపడితే ఆ ముడి గట్టిగా నిలుస్తుంది.

ఈ పాఠమంతా ఆ ముడిని మనమే కావాలని వేసుకోవడం గురించి. రోజూ అదే వేళ, అదే చోట, అదే వాసనతో కాసేపు విశ్రాంతి తీసుకుంటే కొన్నాళ్లకు ఆ వాసన తగలగానే ఒళ్లు తనంతట తాను సడలడం మొదలుపెడుతుంది. రోజుకో కొత్త నూనె, రోజుకో కొత్త అగరుబత్తి వాడితే ఈ ముడి పడదు. పది రకాల సీసాలు కొని వరసగా పెట్టుకున్నవాళ్లకు ఏదీ పని చెయ్యలేదని అనిపించడానికి తరచుగా కారణం ఇదే.

మరో షరతు. ఈ వాసనను రాత్రి విశ్రాంతికి తప్ప ఇంక దేనికీ వాడొద్దు. ఆఫీసుకు రాసుకుని వెళ్లడం, పిల్లాడితో లెక్కలు చేయిస్తూ అరుస్తున్నప్పుడు పక్కన పెట్టుకోవడం చేస్తే ముడి తప్పు చోట పడుతుంది.

వట్టివేళ్లే ఎందుకంటే

లావెండర్ అందరికీ తెలిసిన పేరు. నిద్రకు కాస్త మేలు చేస్తుందని కొన్ని పరిశోధనలు చెప్పాయి కూడా, కాకపోతే వాటిలో చాలావరకు చిన్నవి. నేను మాత్రం మీకు వట్టివేళ్లే చెబుతాను. ఒకటి, అది మన పచారీ కొట్లో, మూలికలమ్మే దుకాణంలో కట్టలుగా దొరుకుతుంది. రెండోది ముఖ్యం. నిమ్మ, నారింజ వాసనలు తేలికైనవి, చేతికి రాసిన కాసేపటికే ఎగిరిపోతాయి. వట్టివేళ్లలోని సువాసన పదార్థాలు బరువైనవి, నిదానంగా ఆవిరవుతాయి. రాత్రి పాదాలకు రాసుకుంటే దుప్పటి కప్పుకున్నాక కూడా సన్నగా తగులుతూనే ఉంటుంది. నిద్రకు ముందు కావాల్సింది అలాంటి వాసనే.

కూజాలో నాలుగు వేళ్లు వేసుకుని మంచినీళ్లు తాగిన ఇళ్లకు, తలుపులకు వట్టివేళ్ల తడికెలు కట్టి నీళ్లు చల్లుకున్న ఇళ్లకు ఈ వాసన కొత్త కాదు. తొలకరి చినుకులు పడ్డప్పుడు మట్టి నుంచి లేచే వాసనకు దగ్గరగా ఉంటుంది. అలవాటు లేనివాళ్లకు మొదట్లో కాస్త ఘాటుగా, మన్ను మన్నుగా అనిపించొచ్చు. రెండు మూడు రోజులు చూడండి. అప్పటికీ నచ్చకపోతే వదిలేయండి. నచ్చని వాసనతో విశ్రాంతి కుదరదు. విదేశాల్లో ఉండి వట్టివేళ్లు దొరకనివాళ్లు ఎండిన లావెండర్ పూలతో ఇదే పద్ధతిలో చేసుకోవచ్చు.

నూనె కాచడం

కట్ట కొనేముందు ఒక వేరు గిల్లి వాసన చూడండి. పాతబడ్డ వేళ్లలో దుమ్ము వాసన తప్ప ఏమీ ఉండదు. సన్నగా, పసుపు కలిసిన గోధుమ రంగులో, విరిచినచోట గాఢంగా వాసన వచ్చేవి తీసుకోండి. గుప్పెడు వేళ్లు ఈ పాఠానికి చాలు.

వేళ్ల మధ్య మన్ను బాగా ఉంటుంది. గిన్నెడు నీళ్లలో ముంచి గబగబా జాడించండి. నానబెట్టొద్దు, వాసన నీళ్లలోకి పోతుంది. పాత నూలు గుడ్డ మీద పరిచి, ఫ్యాన్ కింద నీడలో రెండు రోజులు ఆరనివ్వండి. వంచితే టప్పున విరగాలి. ఇంకా మెత్తగా వంగుతుంటే మరో రోజు ఆగండి. పనంతటిలోకీ ఓపిక పట్టాల్సిన చోటు ఇదొక్కటే. తడి మిగిలితే నూనెకు బూజు పడుతుంది, సీసా మొత్తం పారబోయాల్సిందే.

ఆరిన వేళ్లను కత్తెరతో అరంగుళం ముక్కలుగా కత్తిరించండి. చిన్న స్టీలు గిన్నెలో వేసి, మునిగేంత కొబ్బరినూనె పోయండి. సుమారు 200 మిల్లీలీటర్లు పడుతుంది. గానుగ నువ్వుల నూనె ఒంటికి మంచిదే, కానీ దాని వాసనే ముందుకొచ్చి వట్టివేళ్లను మింగేస్తుంది. వాసన తక్కువున్న కొబ్బరినూనె అయితే బాగుంటుంది.

ఇప్పుడు వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి స్టవ్ మీద పెట్టి, అందులో ఈ నూనె గిన్నెను కూర్చోబెట్టండి. మంట సిమ్‌లో ఉండాలి. నీళ్లు తెర్లి నూనెలోకి చిందకూడదు. నూనె గిన్నె మీద మూత పెట్టకండి, మూతకు పట్టిన ఆవిరి చుక్కలుగా లోపలికి పడుతుంది. అలా ఒక గంట. ముందు కొబ్బరినూనె వాసనే వస్తుంది. అరగంట దాటాక వంటిల్లంతా మన్ను వాసన మొదలవుతుంది, నూనె రంగు లేత బంగారు ఛాయకు తిరుగుతుంది. వేళ్లు మాడి నల్లబడితే మంట ఎక్కువైనట్టే. స్టవ్ కట్టేసి, పల్చటి గుడ్డ కప్పి రాత్రంతా వదిలేయండి. మర్నాడు మరో అరగంట అలాగే వెచ్చబెట్టి, గోరువెచ్చగా ఉన్నప్పుడే నూలు గుడ్డలో పోసి గట్టిగా పిండండి.

తడి లేని గాజు సీసాలో పోసి, తేదీ రాసి, ఎండ తగలని చోట పెట్టుకోండి. రెండు మూడు నెలలు బాగానే ఉంటుంది. ఎప్పుడైనా కనరు వాసన వేస్తే పారేయండి. చలికాలంలో కొబ్బరినూనె గడ్డ కడుతుంది, సీసాను వేడినీళ్లలో పెడితే కరుగుతుంది.

వాడేముందు ఒక పరీక్ష. మోచేతి మడత లోపలి వైపు ఒక చుక్క రాసి ఒక రోజంతా చూడండి. దురద, ఎర్రదనం లేకపోతేనే పాదాలకు రాయండి.

పావుగంట పని

పడుకోవడానికి గంట ముందు బకెట్‌లో చీలమండలు మునిగేంత వెచ్చటి నీళ్లు పట్టుకోండి. వేడి ఎంతో చేత్తో కాదు, మోచేత్తో చూడండి. హాయిగా తోచాలి, చురుక్కుమనకూడదు. థర్మామీటర్ ఉంటే 38 నుంచి 40 డిగ్రీల సెల్సియస్. ఉప్పు వేసుకోవడం మీ ఇష్టం. పని చేసేది మాత్రం వేడి. పాదాలు వెచ్చబడితే అక్కడి రక్తనాళాలు విచ్చుకుంటాయి, ఒంట్లోని వేడి వాటి ద్వారా బయటికి పోతుంది, లోపలి ఉష్ణోగ్రత కొద్దిగా తగ్గుతుంది. నిద్ర రావడానికి శరీరం చేసుకునే ఏర్పాటు కూడా అదే. మనం దానికి కాస్త సాయం పడుతున్నాం.

పాదాలు నీళ్లలో ఉన్నంతసేపూ, అంటే పదినిమిషాలు, ఫోన్ పక్క గదిలో ఉండనివ్వండి. నూనె సీసా మూత తీసి దగ్గర పెట్టుకోండి. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి తీసుకోండి, ఆరు లెక్కపెడుతూ వదలండి. ఒక అంకె ఒక సెకను అనుకుంటే నిమిషానికి ఆరు శ్వాసలవుతాయి. వదిలే గాలి తీసుకునే గాలి కంటే నిదానంగా ఉండటమే ఇందులో కిటుకు. లెక్క తప్పితే మళ్లీ ఒకటి నుంచి మొదలు. తల తిరుగుతున్నట్టు అనిపిస్తే లెక్క వదిలేసి మామూలుగా ఊపిరి తీసుకోండి.

తరవాత పాదాలు బాగా తుడుచుకోండి, వేళ్ల సందులు మరీ ముఖ్యం. అరచేతిలో చెంచాడు నూనె పోసుకుని రెండు చేతులూ రుద్దుకుంటే వెచ్చబడుతుంది. మడమ నుంచి వేళ్ల వైపు బొటనవేలితో గట్టిగా, అరికాలి మధ్య గుండ్రంగా, పిక్కల మీద కింది నుంచి పైకి మెల్లగా రాయండి. రోజంతా నిలబడి పనిచేసేవాళ్లకు మడమకు, అరికాలి గుంటకు మధ్య ఒక చోట నొక్కితే "అమ్మయ్యా" అనిపిస్తుంది. అక్కడ ఇంకాస్త సేపు ఆగండి. మీ అత్తగారికో అమ్మకో కూడా రాసిపెడితే ఆ పూట ఇద్దరికీ విశ్రాంతే. వెంటనే సాక్సులు వేసుకోండి. నూనె పాదాలతో టైల్స్ మీద నడిస్తే జారిపడటం ఖాయం.

కాసేపటికి వాసన తెలియడం మానేస్తుంది. నూనె తక్కువైందని మళ్లీ రాయొద్దు. ఎంత మంచి వాసనకైనా ముక్కు కొద్ది నిమిషాల్లో అలవాటు పడిపోతుంది. గదిలోకి కొత్తగా వచ్చినవాళ్లను అడగండి, వాళ్లు చెబుతారు. ఆ గదిలో అదే సమయంలో అగరుబత్తి, సాంబ్రాణి, దోమల కాయిల్ వద్దు. వాసనలు కలిసిపోవడం ఒక ఇబ్బందైతే, మూసిన గదిలో పొగ పీల్చడం అంతకంటే పెద్ద ఇబ్బంది.

ఎవరు ఎలా మార్చుకోవాలి

షుగర్ ఉన్నవాళ్లు ఈ వేడినీళ్ల భాగం పూర్తిగా వదిలేయాలి. పాదాల్లో స్పర్శ తగ్గి ఉంటే కాలిన సంగతి కూడా తెలియదు, చిన్న బొబ్బ పెద్ద పుండవుతుంది. తడిగుడ్డతో తుడుచుకుని, కాలి వేళ్ల సందులు తప్పించి నూనె రాసుకుంటే చాలు. పుండ్లు, పగుళ్లు ఉంటే అదీ వద్దు. ఆస్తమా ఉన్నవాళ్లు గది కిటికీ తీసి, ముందు సీసాను దూరం నుంచి వాసన చూసి మొదలుపెట్టాలి. గర్భిణులు తమ డాక్టర్‌ను ఒక మాట అడగాలి. పసిపిల్లలకు ఈ నూనెలేవీ రాయొద్దు. ముఖ్యంగా కర్పూరం కలిపినవి వాళ్లకు దూరంగా, అందనంత ఎత్తున ఉంచండి. కర్పూరం నోట్లోకి పోతే చిన్నపిల్లలకు ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

ఇంట్లో లావెండర్ ఎసెన్షియల్ ఆయిల్ ఉండి దాన్నే వాడతామనేవాళ్లు చెంచా కొబ్బరినూనెకు ఒక్క చుక్క కలుపుకోండి. బకెట్ నీళ్లలో నేరుగా చుక్కలు వేయకండి. నూనె నీళ్లలో కలవదు, పైన తేలుతూ చిక్కగా చర్మానికి అంటుకుని మంట పుట్టిస్తుంది.

పరీక్షల ముందు, ఆడిటింగ్ రోజుల్లో రెండు మూడు రాత్రులు నిద్ర సరిగా పట్టకపోవడం మామూలే. వారాల తరబడి అలాగే ఉంటే, గుండె దడ, బరువు తగ్గడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం తోడైతే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఈ నూనె దానికి మందు కాదు. బీపీ, థైరాయిడ్ మాత్రలు మానేయడానికి ఇది కారణం కాకూడదు.

ఈ వారం అభ్యాసం

వేళ్లు ఆరుతున్న రెండు రోజులు కూడా పాదాల నీళ్లు, శ్వాస మొదలుపెట్టేయండి. నూనె తయారయ్యాక వరసగా వారం రోజులు ఒకే వేళకు చేయండి. ఒక రాత్రి తప్పితే బెంగ పడొద్దు, మర్నాడు మామూలుగా కొనసాగించండి. బొత్తిగా కుదరని రోజున నీళ్లు వదిలేసి, మంచం మీద కూర్చుని నూనె రాసుకుని పది శ్వాసలు తీసుకోండి, రెండు నిమిషాల పని. మంచం పక్కన చిన్న కాగితం పెట్టుకుని పడుకునేముందు టెన్షన్ ఎంత ఉందో పదికి ఒక అంకె వేయండి, అంతే. వారం చివర ఆ అంకెలు మనకు పనికొస్తాయి.

పగటికి వేరే వాసన కావాలంటే నిమ్మకాయ తొక్కను గోటితో గీరి వాసన చూడండి. మధ్యాహ్నం మూడింటికి కళ్లు మూతలు పడుతుంటే బాగా పనిచేస్తుంది. నిమ్మరసం అంటిన చేతులతో మాత్రం ఎండలోకి వెళ్లొద్దు, కడుక్కోండి. నిమ్మ, ఎండ కలిస్తే చర్మం మీద బొబ్బలు, నల్ల మచ్చలు వస్తాయి.

నాలుగో పాఠం ఆవిరి పట్టడం గురించి. దానికి వెడల్పాటి, బరువైన, తొందరగా ఒరగని గిన్నె ఒకటి, మందపాటి తువ్వాలు ఒకటి, గుప్పెడు తులసి లేదా వామాకులు సిద్ధం చేసుకోండి. ఈ వారం అంకెల కాగితం కూడా దగ్గర పెట్టుకోండి, పాఠం దానితోనే మొదలవుతుంది.