పీహెచ్‌డీ గైడ్ సైటేషన్లు ఎలా చదవాలి? క్యాన్సర్ బయాలజీ వైపు వెళ్ళేవాళ్ళ కోసం

క్యాన్సర్ బయాలజీలో పీహెచ్‌డీకి అప్లై చేసేవాళ్ళు చాలామంది గూగుల్ స్కాలర్ (పరిశోధన పేపర్లు వెతికే సైట్) తెరిచి, మొత్తం సైటేషన్లు (వేరేవాళ్ళు తమ పేపర్లలో ఆ పేపర్లని ప్రస్తావించిన లెక్క) ఎన్నో, హెచ్ ఇండెక్స్ ఎంతో చూసి, "అమ్మో, చాలా పెద్ద సైంటిస్ట్" అనుకుని వెంటనే మెయిల్ పెట్టేస్తారు. నేనూ అలాగే పెట్టాను. చేరాక తెలిసింది, ఆ సైటేషన్లలో సగానికి పైగా ఒకే ఒక్క రివ్యూ వ్యాసానివని (సొంత ప్రయోగాలు కాకుండా, అప్పటికే వచ్చిన పనిని సమీక్షించేది), ఆ ల్యాబ్ నుంచి సొంత ప్రయోగాలతో పేపర్ వచ్చి ఐదేళ్ళు దాటిందని. ఒక్క సాయంత్రం కూర్చుని చూసుకుంటే ముందే తెలిసిపోయే విషయం అది. మీరు ఆ సాయంత్రం కూర్చోండి.

ముందు ఆ పేపర్లన్నీ ఆ మనిషివేనా చూడండి. మన పేర్లతో ఇది పెద్ద తలనొప్పి: ఇంటిపేరు ఒకచోట ముందు, ఇంకోచోట వెనక, ఒక పేపర్లో పొడి అక్షరాలు, ఇంకో దాంట్లో పూర్తి పేరు. వైద్య, జీవశాస్త్ర పేపర్లు వెతికే పబ్‌మెడ్‌లో రెడ్డి, రావు అని వెతికితే ఎంతమందివో కలిసి వస్తాయి. ఒక్కో పరిశోధకుడికి విడిగా ఇచ్చే ఆర్కిడ్ (ORCID) నంబర్ ఉంటే దాంతో సరిచూసుకోండి.

హెచ్ ఇండెక్స్ 2005లో జార్జ్ హిర్ష్ అనే ఫిజిక్స్ శాస్త్రవేత్త ప్రతిపాదించింది. 30 అంటే, ఒక్కోదానికి కనీసం 30 సైటేషన్లు వచ్చిన పేపర్లు 30 ఉన్నాయని. అది పెరుగుతుందే గానీ తగ్గదు, కాబట్టి ముప్ఫై ఏళ్ళ సర్వీసున్న ప్రొఫెసర్‌నీ నాలుగేళ్ళ కిందట ల్యాబ్ పెట్టినావిడనీ ఆ అంకెతో పోల్చకండి. ఒకరికి స్కోపస్ (సైటేషన్లు లెక్కపెట్టే ఇంకో డేటాబేస్), ఇంకొకరికి గూగుల్ స్కాలర్ కూడా చూడకండి, స్కాలర్‌లో అంకె సాధారణంగా ఎక్కువే వస్తుంది.

అసలు పని ఇప్పుడు మొదలవుతుంది. ఎక్కువ సైటేషన్లున్న పది పేపర్లు కాగితం మీద రాసుకుని, ఒక్కోదాని పక్కన రివ్యూనా, పద్ధతా, సొంత ప్రయోగమా అని రాయండి. హనహాన్, వైన్‌బర్గ్ 2000లో సెల్ జర్నల్‌లో క్యాన్సర్ కణానికి ఉండే ఆరు లక్షణాల గురించి రాసిన వ్యాసం ఈ రంగంలో అందరూ సైట్ చేసేదే, కానీ అది రివ్యూ. వైన్‌బర్గ్ ల్యాబ్ బల్ల మీద ఏం తేల్చిందో తెలియాలంటే 1980లలో వచ్చిన రాస్ ఆంకోజీన్ (క్యాన్సర్ కలిగించే జన్యువు) పేపర్లు చదవాలి. పద్ధతుల పేపర్ల సంగతి వేరు. ప్రొటీన్ కొలవడానికి లౌరీ 1951లో ఇచ్చిన పద్ధతికి మూడు లక్షలకు పైగా సైటేషన్లున్నాయి.

మన యల్లాప్రగడ సుబ్బారావు గారిని చూడండి. ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి మీద రాసిన పేపర్‌ని దశాబ్దాల పాటు సైట్ చేస్తూనే వచ్చారు. పిల్లల లుకేమియా మీద అమినోప్టెరిన్ అనే మందు పనిచేస్తుందని 1948లో సిడ్నీ ఫార్బర్ బృందం చూపించిన పేపర్లో మాత్రం, ఆ మందు తయారైంది సుబ్బారావు గారి నాయకత్వంలో లెడర్లీ అనే మందుల కంపెనీలో అయినా, రచయితల్లో ఆయన పేరు లేదు. ఆ పని ఏ హెచ్ ఇండెక్స్‌లోకీ ఎక్కదు. నాకు ఇది తలుచుకున్నప్పుడల్లా బాధేస్తుంది.

తర్వాత అదే జాబితాని సంవత్సరాల వారీగా మార్చి, గత ఐదేళ్ళవి చూడండి. మన రంగంలో మొదటి పేరు సాధారణంగా ప్రయోగాలు చేసిన విద్యార్థిది, ఆఖరి పేరు ల్యాబ్ నడిపేవాళ్ళది. మీ గైడ్ పేరు ఎప్పుడూ మధ్యలోనే ఉంటే అది వేరేవాళ్ళ ప్రాజెక్టులో సాయం అయ్యుండొచ్చు.

ఒక పేపర్ కింద "సైటెడ్ బై" నొక్కి, నాలుగైదు తెరిచి, ఆ సైటేషన్ ఏ వాక్యంలో వచ్చిందో చదవండి. పొగిడినా, తప్పని చెప్పినా లెక్కలో ఒకటే. ఎండీఏ-ఎంబీ-435 అనే కణాలని ఏళ్ళ తరబడి రొమ్ము క్యాన్సర్‌వని వాడారు, చివరికి అవి ఎం14 మెలనోమా కణాలని తేలింది. పాత పేపర్లకొచ్చిన సైటేషన్లు మాత్రం అలాగే ఉన్నాయి. అందుకే మెథడ్స్ భాగంలో కణాలకి ఎస్‌టీఆర్ ప్రొఫైలింగ్ (అవి ఎవరివో డీఎన్‌ఏతో తేల్చే పరీక్ష) చేశామని రాశారో లేదో చూడండి, రెండు నిమిషాల పని. పేపర్ల మీద వ్యాఖ్యలు రాసే పబ్‌పీర్‌లోనూ, వెనక్కి తీసుకున్న పేపర్ల గురించి రాసే రిట్రాక్షన్ వాచ్‌లోనూ గైడ్ పేరు వెతకండి. అక్కడ ఒక వ్యాఖ్య కనిపించగానే మోసం అనేయకండి, జవాబు ఇచ్చారా, సరిదిద్దారా చూడండి. 2021లో ముగిసిన ఒక పెద్ద ప్రాజెక్టులో పేరున్న క్యాన్సర్ పేపర్ల నుంచి 193 ప్రయోగాలు మళ్ళీ చేయాలనుకుంటే 50 మాత్రమే చేయగలిగారు, చాలావాటికి కావలసిన వివరాలు పేపర్లలో సరిపడా లేవు.

ఇదంతా అయ్యాక గైడ్‌కి మెయిల్ పెట్టే ముందు, గత ఐదేళ్ళ పేపర్లలో మొదటి పేరున్న ఇద్దరు విద్యార్థులకి రాయండి. పేపర్‌కి ఎన్నేళ్ళు పట్టింది, ప్రయోగం పాడైనప్పుడు సార్ గానీ మేడమ్ గానీ ఏమన్నారు, ఈ రెండే అడగండి.