హాలు గోడకు ఎర్రమట్టి రంగు

హాలు గోడకు ఏ రంగు వేయాలో ఎంతకీ తేలలేదు. షేడ్ కార్డులు తిరగేసినకొద్దీ టెన్షనే. వాటిని పక్కన పెట్టి, పొద్దున్నే విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలోని ఎర్రమట్టి దిబ్బలకు వెళ్లాను. మిట్టమధ్యాహ్నం పాలిపోయినట్టుండే ఆ మట్టి, ఏటవాలు ఎండలో ఒక్క గట్టు మీదే ఇటుక ఎరుపు, కాషాయం, లేత పసుపు చూపించింది. అదెంత అందమో! దగ్గరగా తీసిన ఫొటో చూపిస్తే షాపులో రంగు కలిపిచ్చారు. ఫోన్ తెరను పూర్తిగా నమ్మలేం కాబట్టి ముందు గోడ మీద జానెడు మేర వేసి, పగలూ లైటు వెలుగులోనూ చూశాను. ముదురు రంగు ఒక్క గోడకే, మిగతావి తెలుపు. అంకుడు కర్రతో చేసే ఏటికొప్పాక లక్క బొమ్మలు అక్కడ బాగా నప్పాయి. ఫొటో ఫ్రేముల వెనక మూలలకు రబ్బరు ముక్కలు అంటించండి. మన సముద్రపు తేమకి గాలి ఆడకపోతే బూజు పడుతుంది. దిబ్బల మట్టి మాత్రం తేవద్దు, ఫొటో చాలు.