కొండచిలువ పిల్ల ఎలుక ముట్టకపోయినా, కుబుసం సరిగ్గా విడవకపోయినా ఏం చేయాలి?

బాల్ పైథాన్ అనే విదేశీ కొండచిలువ పిల్లను కొత్తగా ఇంటికి తెచ్చుకున్నవాళ్లు ఎక్కువగా అడిగేవి రెండు ప్రశ్నలు. ‘ఎలుక పెడితే ముట్టుకోవట్లేదండీ, ఏం చేయాలి?’ అన్నది ఒకటి. ‘కుబుసం ముక్కలు ముక్కలుగా వస్తోంది, లాగేయొచ్చా?’ అన్నది రెండోది. ఈ రెండింటికీ కారణం పాములో కన్నా అది ఉండే పెట్టెలోనే ఎక్కువసార్లు దొరుకుతుంది. వేడి చాలకపోవడం, తేమ తక్కువో ఎక్కువో అవడం, దాక్కోవడానికి చాటు లేకపోవడం. అందుకే పాము మీద చెయ్యి వేసేముందు పెట్టెలో వేడి, తేమ ఎంతున్నాయో కొలవండి. కొలవకుండా ఎలుకను మార్చడం, పామును రోజూ నీళ్లలో ముంచడం వల్ల దానికి టెన్షన్ పెరుగుతుందే తప్ప లాభం ఉండదు.

ఇంకో సంగతి. ఇంటర్నెట్‌లో దొరికే చాలా సలహాలు చలిదేశాల్లో, పొడిగాలి ఉండే ఇళ్ల కోసం రాసినవి. గోదావరి జిల్లాల్లో కాలవ పక్కనో కొబ్బరితోటలోనో ఉన్న ఇంటికి అవి ఉన్నదున్నట్టు సరిపోవు. అక్కడ తేమ ఎలా పెంచాలా అని బాధపడతారు. ఇక్కడ వానాకాలంలో దాన్ని ఎలా తగ్గించాలా అని చూసుకోవాలి.

ముందు: అది ఏ పాము?

ఈ వ్యాసం బాల్ పైథాన్ గురించి. పడమటి, మధ్య ఆఫ్రికా గడ్డిభూముల్లో ఎలుక కన్నాల్లో, చెదపుట్టల్లో ఉండే చిన్న జాతి కొండచిలువ ఇది. విషం ఉండదు. బాగా చూసుకుంటే 20, 30 ఏళ్లు బతుకుతుంది.

మన కాలవగట్ల మీద, సరుగుడు తోటల్లో కనపడే కొండచిలువ వేరు. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అది మొదటి షెడ్యూల్ జంతువు, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలోది. దాని పిల్లను ముచ్చటపడి ఇంట్లో పెట్టుకున్నా నేరమే, జైలుశిక్ష పడుతుంది. పొలంలో కనిపిస్తే అటవీ శాఖకు ఫోన్ చేయండి. ‘కొండచిలువ పిల్ల’ అనుకుని రక్తపింజరిని చేత్తో పట్టుకునే ప్రమాదం కూడా ఉంది. ఒంటి మీద మచ్చలు చూసి రెండింటినీ పొరబడటం తేలిక, రక్తపింజరి కాటు మాత్రం ప్రాణం తీస్తుంది. ఈ విషయం పిల్లలకు కూడా చెప్పి ఉంచండి.

బాల్ పైథాన్‌కూ కాగితాలు కావాలి. 2022లో చట్టాన్ని సవరించాక ఇలాంటి విదేశీ జాతులు నాలుగో షెడ్యూల్‌లోకి వచ్చాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం పాము మీ చేతికి వచ్చిన 30 రోజుల్లోగా కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు అయిన పరివేష్ పోర్టల్‌లో నమోదుకు దరఖాస్తు చేయాలి. అమ్మేవాళ్లు బిల్లు, తమ నమోదు కాగితం ఇవ్వకపోతే ఆ పామును కొనకండి.

పెట్టె సరిచేయడం

పిల్ల పాముకు పెద్ద అద్దాల పెట్టె అక్కర్లేదు. గాలి ఆడేలా కన్నాలు పెట్టి, మూత గట్టిగా బిగిసే ప్లాస్టిక్ టబ్ చాలు. పెద్ద ఖాళీ పెట్టెలో చాటు లేకపోతే అది బెదిరి తిండి మానేస్తుంది. పెట్టెలో ఒక పక్క 31 నుంచి 33 డిగ్రీల వేడి, రెండో పక్క 25 నుంచి 27 ఉండాలి. పాము తనకు కావలసిన చోటికి తానే జరుగుతుంది. రెండు పక్కలా శరీరం నాలుగు వైపులా తగిలేంత ఇరుకైన గూళ్లు పెట్టండి. గూడు ఒకటే ఉంటే పాము వేడి కోసం చాటునో, చాటు కోసం వేడినో వదులుకోవాల్సి వస్తుంది.

హీట్ మ్యాట్‌ను, అంటే కరెంటుతో వేడెక్కే పలచని చాపను, పెట్టె బయట, అడుగున, ఒక పక్కకే పెట్టండి. వేడి హద్దు దాటకుండా చూసే థర్మోస్టాట్ లేకుండా మాత్రం ఎప్పుడూ వాడకండి. పాముకు కింద నుంచి కాలుతున్నది సరిగ్గా తెలియదు, పొట్ట బొబ్బలెక్కేదాకా అక్కడే పడుకుంటుంది. తేమ, వేడి రెండూ చూపే చిన్న డిజిటల్ మీటర్లు రెండు కొనండి. పాము కోసం పెట్టే ఖర్చులో అన్నిటికన్నా విలువైంది ఇదే. తేమ మామూలు రోజుల్లో 55 నుంచి 65 శాతం, కుబుసం విడిచే రోజుల్లో 70 దాకా ఉంటే చాలు.

మన కాలాలతో దీన్ని కలిపి చూడాలి. ధనుర్మాసం రాత్రుళ్లు గది 20 డిగ్రీల దగ్గరికి దిగుతుంది, అప్పుడు మ్యాట్ తప్పనిసరి. మే నెలలో కథ తిరగబడుతుంది. రాజమండ్రి, ఏలూరు వైపు ఎండ 40 దాటిన రోజుల్లో డాబా కింద గది దానంతటదే 35 దాటుతుంది. పాముకు అది ప్రాణాంతకం. మ్యాట్ ఆపేసి, పెట్టెను కింది అంతస్తులో చల్లని గదికి మార్చండి. అక్కడా వేడి తగ్గకపోతే నీళ్లు గడ్డకట్టిన సీసాకు గుడ్డ చుట్టి పెట్టెకు ఒక పక్క ఆనించండి. ఏసీ గదిలో పెట్టేవాళ్లు తేమ మీటర్ మీద కన్నేసి ఉంచాలి. బయట ముసురు పట్టి ఉన్నా ఏసీ గదిలో గాలి పొడిగానే ఉంటుంది. ‘మనది కోనసీమ కదా, తేమకేం లోటు’ అనుకున్న ఇంట్లో కూడా కుబుసం ముక్కలుగా రావడానికి ఇదొక కారణం.

తిండి పెట్టడం, ఒక్కో మెట్టుగా

1. ఇంటికి తెచ్చాక కనీసం వారం రోజులు వదిలేయండి. మంచినీళ్లు మార్చడం తప్ప ఇంకేమీ చేయకండి. చుట్టాలకు చూపించే ముచ్చట తర్వాత తీర్చుకోవచ్చు.

2. అమ్మినవాళ్లను మూడు సంగతులు అడిగి రాసుకోండి: ఏం తింటోంది, చివరగా ఎప్పుడు తింది, అప్పుడు బరువెంత. ఇప్పటిదాకా చిట్టెలుకలు తిన్న పాముకు ఒక్కసారిగా ఎలుక పిల్లను పెడితే అది తిండి అని కూడా గుర్తించకపోవచ్చు.

3. ఎలుక లావు పాము ఒంట్లో అన్నిటికన్నా లావైన చోటుకు సమానంగా ఉండాలి. బరువు చూసి పెట్టేవాళ్లు పిల్ల పాముకు దాని బరువులో 10 నుంచి 15 శాతం లెక్క వేసుకోవచ్చు. వారానికి ఒకటి చాలు. పెరిగేకొద్దీ పది, పదిహేను రోజులకు ఒకసారి.

4. చంపి గడ్డకట్టించిన ఎలుకే మంచిది. బతికున్న ఎలుక ఆకలి లేని పామును కొరికి పుండ్లు చేస్తుంది. ఎలుకకూ అది హింసే. ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి మార్చి కరగనివ్వండి. పెట్టే ముందు కవరులో ఉంచి వేడినీళ్లలో పెట్టండి. పైన చర్మం 37, 38 డిగ్రీలకు రావాలి. పాము పెదవుల దగ్గరున్న చిన్న గుంటలు వేడిని పసిగడతాయి, ఎలుక చల్లగా ఉంటే వాటికి ఏమీ తెలియదు. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకండి, పైన ఉడికి లోపల గడ్డగా ఉంటుంది.

5. చీకటి పడ్డాక, గదిలో లైటు ఆపేసి, పొడుగాటి పటకారుతో గూడు ముందు పెట్టండి. కొంచెం కదిపి ఆగండి. పాము పట్టుకుని చుట్టేశాక మెల్లగా మూత వేసి వచ్చేయండి. ఎంతకీ పట్టుకోకపోతే ఒక పళ్లెంలో గూడు పక్కన ఉంచి తెల్లారే తీసి పారేయండి. మన ఉక్కలో అది త్వరగా కుళ్లుతుంది, చీమలూ పడతాయి.

6. తిన్నాక రెండు రోజులు చేత్తో పట్టుకోకండి.

ఈ ఎలుకలు మన టౌన్లలో అడిగిన వెంటనే దొరికేవి కావు. పాము కొనేముందే తిండి ఎక్కడ నుంచి వస్తుందో చూసుకోండి. దొరకలేదని వరిచేలో బుట్టలు పెట్టి పట్టే ఎలుకలు మాత్రం ఎంత మాత్రం వద్దు. వరి పొలాల్లో ఊరంతా కలిసి ఎలుకల మందు పెడతారు. మందు తిన్న ఎలుక చచ్చేదాకా తిరుగుతూనే ఉంటుంది. దాన్ని మింగిన పాము ఒంట్లోకి ఆ మందు చేరుతుంది. పురుగులూ, మనుషులకు ఎలుక జ్వరం తెచ్చే క్రిములూ కూడా ఆ ఎలుకల్లో ఉంటాయి. కోడిమాంసం ముక్కలు, చేప, రొయ్య కూడా పనికిరావు. ఎముకలతో, పేగులతో సహా మొత్తం జంతువు మింగితేనే పాముకు కావలసిన సున్నం అందుతుంది.

నాగుల చవితి రోజు ఇంట్లో పెద్దవాళ్లు పాముకు పాలు పోద్దామంటే ప్రేమగానే వద్దని చెప్పండి. పాలను అరిగించుకునే శక్తి పాముకు లేదు. పుట్ట దగ్గర పూజ చేసుకోవచ్చు, పెట్టెలోకి మాత్రం మంచినీళ్లే.

తినడం లేదు. ఇప్పుడెలా?

రోజూ ఎలుకను ముక్కు దగ్గర ఆడించడం అందరూ చేసే పని. దాంతో అది ఎలుకను చూసి భయపడటం నేర్చుకుంటుంది. ఒకసారి వద్దంటే వారం ఆగి మళ్లీ పెట్టండి. ఈలోగా వేడి పక్క ఎంత వేడిగా ఉందో చూడండి, గూళ్లు ఇరుకుగా ఉన్నాయో లేదో చూడండి. కళ్లు మసకబారాయా, అంటే కుబుసం దగ్గర పడిందా అన్నది గమనించండి. టీవీ పక్కన, వంటింటి గట్టు మీద పెట్టె ఉంటే గది మార్చండి. దోమల కాయిల్, స్ప్రే, చీమల మందు సుద్ద ఆ గదిలో వాడకండి, వాటిలోని మందు పాములకు హాని. చీమలు రాకుండా, పెట్టెను పెట్టిన బల్ల కాళ్ల కింద నీళ్ల పళ్లాలు పెట్టండి.

గ్రాముల్లో చూపే చిన్న కాటా ఒకటి పాముకోసమే ఉంచి వారానికోసారి తూచండి. బరువు నిలకడగా ఉంటే కొన్ని వారాలు తినకపోయినా బాల్ పైథాన్‌కు ఏమీ కాదు, ఉపవాసం దాని స్వభావంలోనే ఉంది. పదో వంతు బరువు తగ్గినా, వెన్నెముక గట్టులా పైకి తేలినా డాక్టరుకు చూపించాలి. నోట్లోకి బలవంతంగా తోసే పని ఇంట్లో ఎవరూ చేయకూడదు. గొంతు చిరుగుతుంది.

తిన్నది కక్కేస్తే పది, పదిహేను రోజులు కడుపుకు విశ్రాంతి ఇచ్చి, తర్వాత మామూలులో సగం సైజు ఎలుకను పెట్టండి. వేడి చాలకపోవడం దీనికి ముఖ్య కారణం. కరెంటు పోతే మ్యాట్ కూడా ఆగిపోతుంది. తుపానులో కరెంటు రోజుల తరబడి రాదని 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమ వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. తుపాను కబురు వినగానే తిండి పెట్టడం ఆపేయండి. వేడి లేని పెట్టెలో నిండు కడుపుతో ఉన్న పాముకు లోపలి ఎలుక కుళ్లుతుంది. ఖాళీ కడుపుతో అయితే ఆ నాలుగు రోజులూ తట్టుకుంటుంది. ఫ్రీజర్‌లో కరిగిపోయిన ఎలుకలను మళ్లీ గడ్డకట్టించి వాడకండి.

కుబుసం

పిల్ల పాము పెరుగుతోంది కాబట్టి నాలుగు నుంచి ఆరు వారాలకోసారి కుబుసం విడుస్తుంది. ముందు రంగు మాసిపోతుంది, పొట్ట గులాబీ రంగుకు తిరుగుతుంది. తర్వాత కళ్లు నీలం కలిసిన పాలరంగులోకి వస్తాయి. ఇంకొన్ని రోజులకు కళ్లు మళ్లీ తేటపడతాయి. కుబుసం అప్పుడే రాదు, మరో నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం పడుతుంది. ఈ రోజుల్లో దానికి చూపు సరిగ్గా ఆనదు, చిరాకుగా ఉంటుంది. తిండి పెట్టకండి, పట్టుకోకండి.

కళ్లు మసకబారగానే తడిగూడు పెట్టండి. కుమ్మరి దగ్గర చిన్న మట్టికుండ కొని, పక్కన పాము లావుకు రెండింతలు కన్నం చేయించి, అంచులు గరుకు కాగితంతో నున్నగా రుద్దండి. లోపల కొబ్బరి పొట్టు వేయండి. మన దగ్గర అది ఊరికే దొరుకుతుంది, కానీ ఉప్పునీటిలో నానబెట్టిన పీచు నుంచి వచ్చింది అయి ఉండొచ్చు, మంచినీళ్లలో రెండు మూడుసార్లు కడిగి వాడండి. పిడికిట్లో పిండితే ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు. పెట్టె మొత్తాన్ని తడపక్కర్లేదు, ఈ ఒక్క గూడు చాలు.

బాగా విడిచిన కుబుసం లోపలిది బయటికి తిప్పిన సాక్సులా ఒకే ముక్కగా వస్తుంది. దాన్ని నీళ్లలో వేసి విప్పి చూడండి. తల భాగంలో రెండు కళ్ల మీద ఉండాల్సిన పారదర్శకమైన బిళ్లలు ఉన్నాయా? తోక కొస ఉందా? రెండూ ఉంటే ఇక చూడాల్సిందేమీ లేదు, పాము ఆకలి మీద ఉంటుంది, ఎలుక పెట్టండి.

ముక్కలుగా వస్తే లాగకండి. కింద కొత్త చర్మం లేతగా ఉంటుంది, చిరిగితే పుండు పడుతుంది. మూతకు కన్నాలున్న చిన్న డబ్బాలో గోరువెచ్చని నీళ్లలో తడిపి పిండిన గుడ్డ వేసి, పామును అరగంట, ముప్పావు గంట అందులో ఉంచండి. డబ్బా వేడి 28 నుంచి 30 డిగ్రీల మధ్యే ఉండాలి, మీరు పక్కనే ఉండాలి. తర్వాత తడిగుడ్డను చేతిలో వదులుగా పట్టుకుని పామును దానిలోంచి పాకనిస్తే చాలావరకు ఊడిపోతుంది. మిగిలితే మర్నాడు మళ్లీ చేయండి. కొబ్బరినూనె, పసుపు రాయకండి.

తోక కొసన ఉంగరంలా మిగిలిపోయిన పొర సంగతి ఆలస్యం చేయకూడదు. అది ఎండి బిగుసుకుని రక్తం ఆడనివ్వదు, కొస నల్లబడి ఊడిపోతుంది. కంటి మీద బిళ్ల మిగిలితే గోరు, పట్టకారు, టేపు ఏవీ దగ్గరికి రానివ్వకండి. తేమ సరిచేసి తర్వాతి కుబుసం దాకా ఆగితే చాలాసార్లు పాత బిళ్ల, కొత్త బిళ్ల రెండూ కలిసి వచ్చేస్తాయి. అప్పటికీ రాకపోతే డాక్టరే తీయాలి.

వానాకాలం జాగ్రత్త

జులై నుంచి నవంబరు దాకా మన గాలిలోనే తేమ సరిపోతుంది. అప్పుడు నీళ్లు చల్లితే కింద పరిచింది ఎండదు, బూజు పడుతుంది, పాము పొట్ట పొలుసులు గోధుమరంగుకో ఎరుపుకో తిరిగి బొబ్బలెక్కుతాయి. ఈ నెలల్లో కొబ్బరి పొట్టు తడిగూడులో మాత్రమే ఉంచి, మిగతా చోట న్యూస్‌పేపర్ పరిచి తడిసిన వెంటనే మార్చండి. గాలి కన్నాలు ఇంకొన్ని పెట్టండి. మీటర్ 80 దాటి దిగకపోతే పెట్టెను గాలి ఆడే గదికి మార్చండి.

పొట్ట మీద ఇలాంటి మచ్చలు, ఊపిరి తీస్తుంటే గురగుర చప్పుడు, నోటి దగ్గర బుడగలు, నోరు తెరిచి తల పైకెత్తి ఉండటం, పొలుసుల మధ్య పాకే నల్లని చుక్కల్లాంటి పురుగులు: వీటిలో ఏది కనిపించినా ఇంటి వైద్యం వద్దు. మన ఊళ్ల పశువుల ఆసుపత్రుల్లో గేదెలూ కోళ్లే ఎక్కువ, పాములను చూసిన డాక్టరు ఎవరో అవసరం రాకముందే ఫోన్ చేసి కనుక్కోండి. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది, ముందుగా అక్కడా అడగొచ్చు. తీసుకెళ్లేటప్పుడు పామును నూలు గుడ్డ సంచిలో వేసి మూతి ముడేసి, ఆ సంచిని కన్నాలున్న డబ్బాలో పెట్టండి. కారులో ఎండ తగలని చోట ఉంచి, తిండి పెట్టిన తేదీలు, బరువులు, వేడి, తేమ రాసుకున్న పుస్తకం, నమోదు కాగితం, విడిచిన కుబుసం కూడా వెంట తీసుకెళ్లండి.